కొంగుకంటిన తెలుపు

విజయనగరంలో తైలవర్ణ చిత్రాలు నేర్పే జగ్గరాజు మాస్టారికి ఒక పట్టుదల ఉండేది. బొమ్మకు కూర్చున్న మనిషి, ఎవరూ చెప్పకుండానే అది తానేనని గుర్తుపట్టేదాకా శిష్యుడు దాని మీద సంతకం పెట్టకూడదు. పైడిరాజు వచ్చి చేరి ఆరేళ్లయింది. ఇంతవరకూ ఒక్క బొమ్మ మీదా అతని పేరు లేదు. పోలిక అసలు ఎక్కడుంటుందండీ అని ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు. మాస్టారు కుంచెలు కడుక్కుంటూ, రోజూ పెరుగు పోసే సూరమ్మను గీయమన్నారు. ఆయన్ని ప్రశ్న అడగడమంటే కోరి పని నెత్తికెత్తుకోవడమే.

అడిగిందేమిటో, ఆయన చెప్పిందేమిటో పైడిరాజుకు బోధపడలేదు. అయినా నెల్లాళ్లు ఒళ్లు దాచుకోకుండా గీశాడు. ఎందుకో ఆమెకు చెప్పకుండానే కళ్ల మధ్య దూరం దారం పెట్టి కొలిచాడు. ఒక్క ముడత కూడా వదల్లేదు. ఆఖరున నుదుటి మీద వెలుగు పడేచోట తెల్లరంగు మెరుపు అద్ది, అది ఆరకముందే సూరమ్మను పిలిచాడు. ఆరేళ్ల ఆశ మరి, ఆగలేకపోయాడు.

సూరమ్మ తట్ట దించి చాలాసేపు చూసింది. ఆమె ఇంట్లో అద్దమంటే బొట్టుకు చాలినంత ముక్క.

"మా యమ్మ బాబూ. ఎండన పడొచ్చినట్టుంది, ఎంత సెమటో" అంటూ, పైడిరాజు అడ్డుపడేలోగానే కొంగుతో ఆ నుదురు తుడిచేసింది.

అతనికి ఏడుపొక్కటే తక్కువ. అది నువ్వేనమ్మా అని చెబితే, తనకంత వయసెక్కడిదని నవ్వింది. తల్లి పోయి పదేళ్లయిందని చెప్పి, మళ్లీ ఒకసారి బొమ్మకేసి చూసి, తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

పైడిరాజుకు ఏమీ పాలుపోలేదు. పోలిక కుదిరినట్టా, కుదరనట్టా? గీసింది కూతుర్ని, కనపడింది తల్లి. పోనీ తప్పిందనుకుందామంటే, పటానికి పట్టిన చెమట ఎవరైనా తుడుస్తారా? పోయిన మెరుపు మళ్లీ అద్దబోతే మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు. అది మరీ అయోమయంగా తోచింది. నా సంతకం ఇంకెన్నాళ్లకండీ అని అడిగాడు.

మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. కొంగు చివర తెల్లటి మరకతో సూరమ్మ వీధి మలుపు తిరుగుతోంది.

"నీ సంతకమా? అదిగో, పట్టుకుపోతోంది కదరా."