కాడి కింద కణుపు

అనగా అనగా, వాన చుట్టపుచూపుగా వచ్చిపోయే ఒక మెట్టసీమ. ఆ సీమలో ఒక ఒంటెద్దు బండి. ఆ బండిని లాగే ఎద్దుకు నుదుట తెల్లని చుక్క ఉండేది. అందుకే వాడి పేరు చుక్కన్న.

బండి యజమాని తీతయ్య. ఊరూరా తిరిగి క్రీస్తు మాట చెప్పే ఉపదేశి. తెల్లని లాల్చీ, కంచు గొంతు. ప్రార్థనకు మోకరిస్తే కళ్ళవెంట నీళ్ళు కారేవి. అవి దొంగ కన్నీళ్ళు కావు, పిల్లలూ. మనిషి మంచివాడే. కాకపోతే ఆయన చూపు ఎప్పుడూ ముందు రాబోయే ఊరి మీదే ఉండేది. తన మోకాళ్ళ ముందు ఏముందో ఆయనకు కనబడేది కాదు.

బండిలో హార్మోనియం పెట్టె, పుస్తకాల పెట్టె, ఒక పెద్ద గంట. వాటి నడుమ తీతయ్య. ఆ బరువంతా చుక్కన్న మెడ మీద.

చుక్కన్న అలసిపోయాడు. నిద్రపోతే తీరే అలసట కాదు అది. ఎముకల్లోకి దిగి అక్కడే కాపురం పెట్టిన అలసట. కాడి ఒరుసుకుని మెడ మీద పుండు పడింది. అది మానుముఖం పట్టేలోగా మళ్ళీ కాడి ఎక్కేది. పుండు మళ్ళీ రేగేది.

ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నారు పెద్దలు. ఒక కాకి ఆ బండినే తన ఊరు చేసుకుంది. పొద్దున్నే "ఏం మామా, ఒంట్లో కులాసాయేనా?" అంటూ మూపురం మీద వాలేది. పలకరింపు అవగానే పుండు పొడిచేది. తోలుకుందామంటే చుక్కన్న తోక అంతదూరం అందేది కాదు.

ఇన్ని కష్టాల్లోనూ వాడికి ఒక ఆశ ఉండేది. తీతయ్య ఏ ఊళ్ళో ఏం బోధించినా చివరికి ఒకే మాట దగ్గరికి వచ్చేవాడు. రెండు చేతులూ చాచి, గొంతు తగ్గించి, "బరువులు మోసి మోసి అలసినవాళ్ళారా, నా ప్రభువు మిమ్మల్నే పిలుస్తున్నాడు. ముందుకు రండి. ఆయన విశ్రాంతి ఇస్తాడు. ఆయన కాడి మెడను కోయదు" అనేవాడు.

మిగతా బోధ చుక్కన్న తలకెక్కేది కాదు. ఈ మాట మాత్రం విన్న మొదటినాడే చెవులు నిక్కబొడుచుకున్నాయి. బరువులు మోసేవాళ్ళు. అలసినవాళ్ళు. కాడి. ఇంకెవరిని? తననే!

కాకి పగలబడి నవ్వింది. "నిన్నెవరు పిలిచారు మామా? ఆ మాట మనుషులకు."

"మనుషుల మెడ మీద కాడి ఉంటుందా?" అన్నాడు చుక్కన్న.

కాకి ముక్కు వాడి కొమ్ముకు రాసుకుని, మళ్ళీ పుండు పొడిచింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. తీతయ్య బండి మీద నిలబడి బోధించేవాడు. ఎద్దును విప్పితే ఒంటెద్దు బండి ముందుకు వాలిపోతుంది. వాలిన బండి మీద మనిషి నిలబడలేడు. అందుకని బోధ ముగిసేదాకా చుక్కన్న కాడి కింద కదలకుండా ఉండవలసిందే. తీతయ్య విశ్రాంతి గురించి చెప్పినంతసేపూ ఆ బరువును ఒక మెడ మోస్తూనే ఉండేది. అది తీతయ్యకు ఒక్కనాడూ తట్టలేదు.

ఒకనాడు బండి గట్టుపల్లె చేరింది. హార్మోనియం మోగగానే జనం మూగారు. బోధ రంజుగా సాగింది. చివరికి తీతయ్య చేతులు చాచాడు. "అలసినవాళ్ళారా, ముందుకు రండి!"

జనంలో ఎవరూ కదలలేదు. చుక్కన్న కదిలాడు. ఇక ఆగలేక ఒక్క అడుగు ముందుకు వేశాడు.

బండి ఒక్క కుదుపు కుదిపింది. తీతయ్య వెళ్ళి హార్మోనియం మీద కూలబడ్డాడు. అది బొంయ్‌మని మూలిగింది. ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. తీతయ్య ముఖం కందగడ్డ అయింది. ముల్లుగర్ర తీసి చుక్కన్నను నాలుగు బాదాడు. జనం నవ్వుకుంటూ ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు.

"పిలిస్తేనే కదా వెళ్ళాను!" అనుకున్నాడు చుక్కన్న. దెబ్బల కన్నా ఆ సంగతే వాడిని ఎక్కువ బాధపెట్టింది. 'నా అడుగు ఆయనకు కనబడలేదేమో. మరోసారి చూద్దాం' అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

తరువాతి ఊరు తుమ్మలపాడు. ఊరు రాబోతుండగా తీతయ్య బండి ఆపి, చుక్కన్న మెడ మీద ఉతికిన గుడ్డ ఒకటి కప్పాడు. పుండు మానాలని కాదు. నలుగురి కంటా పడకూడదని. ఉప్పు తగిలినట్టు మండుతున్నా చుక్కన్న ఓర్చుకున్నాడు. గుడ్డ కప్పడం కూడా ఒక దయేమో అనుకున్నాడు, పిచ్చివాడు.

మళ్ళీ హార్మోనియం. మళ్ళీ బోధ. మళ్ళీ చేతులు చాచి అదే పిలుపు. చుక్కన్న ఈసారి మెల్లిగా, ఎవరూ పడిపోకుండా, అరడుగు వేశాడు. గుడ్డ జారి కింద పడింది.

జనం నవ్వలేదు. బయటపడిన పుండు వైపే చూస్తూ ఉండిపోయారు. మజ్జిగ అమ్ముకునే ఈరమ్మ అనే ముసలామె కుండ దించి ముందుకు వచ్చింది.

"అయ్యా, బరువులు మోసేవాళ్ళను రమ్మన్నావు గదా. అందరికన్నా ముందు నీ ఎద్దే వచ్చిందయ్యా. దానికే ఏమీ ఇయ్యలేదు. మాకేం ఇస్తావు?"

"అది నోరులేని పశువమ్మా. ఆ మాట వేరు, ఈ సంగతి వేరు" అన్నాడు తీతయ్య.

"నోరున్నోళ్ళు ఎట్టాగైనా అడిగి తీసుకుంటారులే నాయనా" అంది ఈరమ్మ. కుండ నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఒకరొకరుగా అందరూ వెళ్ళారు.

ఆ సాయంత్రం తీతయ్య అన్నం ముట్టలేదు. ఈరమ్మ మాట ములుకులా దిగింది. కానీ మనిషి మనసు చిత్రమైనది, పిల్లలూ. ములుకు దిగిన చోట చూసుకోకుండా ఎదుటివాడి మీద విరుచుకుపడుతుంది. "ఈ ఎద్దు వల్లే నా మాట చెల్లడం లేదు. రేపు కొండపేట సంతలో దీన్ని కటికవాడికి అమ్మేసి వేరే ఎద్దును కొంటాను" అని గొణుక్కున్నాడు.

కాకి ఆ మాట విని రివ్వున వచ్చి వాలింది. "శుభవార్త మామా! నీక్కూడా విశ్రాంతి ఏర్పాటు చేశాడు మీ అయ్యగారు. రేపే."

చుక్కన్న బెదరలేదు. బెదరడానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా. 'ఆయన పిలిచిన విశ్రాంతి ఇదేనేమో. నేనే తెలియక ఆశపడ్డాను. ఇక ఎవరు పిలిచినా అడుగు వేయను' అనుకుని గడ్డి ముట్టకుండా కళ్ళు మూసుకున్నాడు.

కొండపేటకు దారి ఎగువ దారి. మిట్టమధ్యాహ్నం. రాళ్ళు సెగలు కక్కుతున్నాయి. సంతవేళ దాటిపోతుందని తీతయ్య తొందర. సగం ఎగువ ఎక్కేసరికి చుక్కన్న ముందుకాళ్ళు ముడుచుకుపోయాయి. తీతయ్య ప్రార్థనకు మోకరించినట్టే, వాడు రాళ్ళ మీద మోకరిల్లాడు.

తీతయ్య ముల్లుగర్ర ఎత్తాడు. అదిలించాడు. చుక్కన్న లేవలేదు. చివరికి ఆయన బండి దిగి ముందుకు వచ్చాడు. ఎన్నేళ్ళుగానో చుక్కన్నను వెనకనుంచి తోలినవాడు, ఆ ముఖంలోకి ఎదురుగా నిలబడి చూసినవాడు కాదు. కాకి మెడ మీదే ఉంది. తీతయ్య దాన్ని తోలాడు. కాడి పైకెత్తాడు. ఎండిన తోలు కాడికి అంటుకుని దానితో పాటే లేచింది.

చుక్కన్న అరవలేదు. ఆయన కళ్ళలోకి చూశాడు, అంతే.

తీతయ్య గర్ర అవతల పారేశాడు. మరి దారి నడుమ బండిని వదిలిపోతే ఎలా? "ఈ ఎగువ దాటేదాకా నేనే లాగుతాను. పైకి వెళ్ళాక మళ్ళీ కడతాను" అంటూ చుక్కన్నను విప్పి పక్కకు తప్పించి, నొగల మధ్యకు వచ్చి, కాడి తన మెడ మీద పెట్టుకుని లాగాడు. నాలుగడుగులు వేశాడో లేదో, "అమ్మా!" అని ఆగిపోయాడు.

చుక్కన్న తల తిప్పి చూశాడు. తీతయ్య చెయ్యి కాడి కిందికి పోయింది. అక్కడ తడిమి తడిమి ఒకచోట ఆగింది. కర్రలో ఒక కణుపు, బొటనవేలంత, మొనదేలి ఉంది. బండి కొన్ననాటి నుంచీ అక్కడే ఉంది. ఆ నొప్పి ఏమిటో చుక్కన్న మెడకు తెలుసు. బండిలో కూర్చునే తీతయ్యకు ఎలా తెలుస్తుంది?

తీతయ్య నొగల మధ్యే కూలబడి ఏడ్చాడు. "ఇదా! ఇన్నాళ్ళూ ఇదా! నీ మెడ మీద నిలబడి, నా ప్రభువు కాడి మెడను కోయదని ఊరూరా చాటానురా చుక్కన్నా. నువ్వొక్కడివే ఆ మాట నమ్మావు. నమ్మినందుకు నిన్నే కొట్టాను." ఆ ఏడుపు వినడానికి అక్కడ మనుషులెవరూ లేరు. ఒక ఎద్దు, ఒక కాకి.

బండి ఎగువ దాటింది. తీతయ్య చుక్కన్నను మళ్ళీ కాడికి కట్టలేదు. ఆగుతూ, తూలుతూ, తానే లాగాడు. చుక్కన్న వెనకాల ఉత్త మెడతో నడిచాడు.

కొండపేట చేరేసరికి పొద్దు వాలుతోంది. సంత విడుస్తోంది. మనిషి బండి లాగుతుంటే ఎద్దు షికారుకు వచ్చినట్టు వెంట రావడం ఆ సంత ఎన్నడూ చూడలేదు. మూటలవాళ్ళు, గంపలవాళ్ళు చుట్టూ చేరారు. ఖాళీ మజ్జిగ కుండతో ఈరమ్మ కూడా అక్కడే ఉంది.

కటికవాడు చుక్కన్నను ఎగాదిగా చూసి, "బేరానికేనా అయ్యగారూ?" అన్నాడు.

"కాదు నాయనా" అన్నాడు తీతయ్య. ఆ కంచు గొంతు దుమ్ముకు పగిలిపోయి, చెంతనున్నవాళ్ళకే వినబడింది.

"బండెక్కి నాలుగు మాటలు చెప్పండయ్యా" అన్నారు ఎవరో.

తీతయ్య కాడి మెడ మీంచి దించాడు. బండి ముక్కు నేలకు ఆనింది. ఇక దాని మీద ఎవరూ నిలబడలేరు. ఆయన కాసిని నీళ్ళు అడిగాడు. ఈరమ్మ తన కుండ నిండా పట్టుకొచ్చి ఇచ్చింది. నాలుక పిడచకట్టుకుపోయి ఉన్నా ఆయన తాగలేదు. కుండ నేల మీద పెట్టి, చుక్కన్న వైపు తిరిగి, రెండు చేతులూ చాచాడు. బోధ చివర చాచినట్టే.

"రా" అన్నాడు.

చుక్కన్న కదలలేదు. ఈ చేతులు వాడికి తెలుసు. ఈ పిలుపు తెలుసు. దాని వెనక వచ్చే దెబ్బలూ తెలుసు. "వద్దు మామా, మోసపోకు" అంది పైనుంచి కాకి. ఇంకొకసారి నమ్మే ఓపిక వాడిలో మిగల్లేదు.

అప్పుడు వాడికి తీతయ్య మెడ కనబడింది. లాల్చీ చిరిగిపోయి, తోలు ఒరుసుకుపోయి, సరిగ్గా ఒకచోట బొటనవేలంత గాయం ఎర్రగా ఉంది. ఆ గాయాన్ని చుక్కన్న గుర్తుపట్టాడు.

వాడు అడుగు వేశాడు.

తీతయ్య వాడి నుదుటి చుక్కకు తన నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు. చుక్కన్న తల వంచి కుండలో నీళ్ళు అడుగంటా తాగాడు.

పొద్దుటి నుంచీ బస్తాలు మోసిన కూలీ ఒకడు నెత్తి మీది మూట దించి, తీతయ్య పక్కన చతికిలబడ్డాడు. గంప మోసుకొచ్చిన ఇల్లాలొకతె గంప దించింది. మరొకరు. ఇంకొకరు.

"ఇవాళ చెప్పడానికి నాకు గొంతు లేదమ్మా" అన్నాడు తీతయ్య, ఈరమ్మతో.

"చెప్పేశావులే నాయనా" అంది ఈరమ్మ, తానూ కూర్చుంటూ.

మర్నాడు కొండపేట వడ్రంగి ఆ కణుపును చెక్కేశాడు. వేపనూనె, పసుపు రాయగా రాయగా చుక్కన్న మెడ మానింది. ఆనాటి నుంచీ తీతయ్య ఏ ఊరు వెళ్ళినా ముందు ఎద్దును విప్పి, నీళ్ళు చూపించి, నేల మీద నిలబడే మాట్లాడేవాడు. మాటలు తగ్గాయి. వినేవాళ్ళు పెరిగారు. "ఈయన బోధ ఉత్తుత్తిదే అనుకున్నాను. నిజమై నా నోటి కూడు తీసింది" అని గొణుక్కుంటూ కాకి వేరే బండి వెతుక్కుంది.

కాబట్టి పిల్లలూ, ప్రభువును నమ్మినవాడి నమ్మకం ముందు వాడి కాడి కింద ఉన్నవాడికి తెలియాలి. ఊరికి తెలియడం ఆ తరువాతి మాట.