వంగి చూసిన బుచ్చవ్వ

అనగనగా అంటే మరీ అంత దూరమేం కాదు. మా తాతగారి తాతకు ఇంకా మీసం మొలవని రోజుల్లో, మా ఊళ్ళోనే, బుచ్చవ్వ అనే ముసలమ్మ ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. తెల్లారితే ఇంటింటికీ వెళ్ళి వాకిలి ఊడ్చి, పేడతో అలికి, వాళ్ళు పెట్టింది తిని వచ్చేది.

ఆమె గుడిసె వెనక మూడు మంచాలు పట్టేంత జాగా ఉండేది. మూడంటే మూడే. అదీ ఆమెది కాదు, ఊరి పటేల్‌ది. "ఆకుకూర పండినన్నాళ్ళు ఉంచుకో. పండని నాడు నా గడ్డివాము అక్కడికే వస్తది" అని చెప్పి ఇచ్చాడాయన. అలికే ఓపిక పోయిన రోజున బుచ్చవ్వకు కడుపు నింపేది ఆ జాగా ఒక్కటే.

ఆ జాగాలో తోటకూర వేసింది, పాలకూర వేసింది, పుంటికూర వేసింది. సందుల్లో కొత్తిమీర చల్లింది. ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు. కానీ మడికి తూర్పున మూడు, పడమట మూడు ఆముదం మొక్కలు పెట్టింది. దాంతో ఊరికి పని దొరికింది.

ముందు పక్కింటి కనకవ్వ వచ్చింది.

"ఏంది బుచ్చక్కా, కూర మడిల ఆముదం పెట్టినవ్?"

"అది పురుగు ఇల్లు చెల్లే. దాని ఇల్లు దానికుంటే నా మడికి రాదు."

తర్వాత గానుగ లింగయ్య వచ్చాడు.

"ఆముదం నాకిడిసిపెట్టు అవ్వా, నువ్వు కూర చూసుకో. నా గానుగకన్న పనికొస్తది."

"అది పురుగు ఇల్లు బిడ్డా. దాని ఇల్లు దానికుంటే నా మడికి రాదు."

ఆఖరికి పటేలే వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఉన్నదే మూడు మంచాల జాగా. దాంట్ల పురుగుకు ఇల్లు కట్టిస్తివా?"

"కట్టిచ్చిన పటేలా. దాని ఇల్లు దానికుంటే నా మడికి రాదు."

అందరూ నవ్వుకుంటూ పోయారు. ఆమె మాత్రం రోజూ చీపురు పట్టకముందే ఆముదం మొక్కల దగ్గర వంగేది. ఒక్కో ఆకూ తిప్పి కింద వైపు చూసేది. పురుగు గుడ్లున్న ఆకు కనిపిస్తే తుంచి తన కోడి ముందు వేసేది. ఊరంతటిలో అంత బలిసిన కోడి ఇంకొకటి లేదు.

ఒక ఏడు లద్దెపురుగు వచ్చింది. మామూలుగా రాలేదు, ఊరి మీద పడింది. కనకవ్వ మడి పోయింది. లింగయ్య మడి పోయింది. పటేల్ పెరడూ పోయింది. వారం తిరిగేసరికి ఊళ్ళో కూరాకన్నది లేదు, కాడలు మిగిలాయి.

బుచ్చవ్వ మడి మాత్రం పచ్చగా ఉంది. ఆమె ఆముదం ఆకులు మాత్రం జల్లెడలైపోయాయి. వాటి నిండా పురుగే. పాపం కోడి ఎంతని తింటుంది?

అది చూసి కనకవ్వ కడుపు మండింది. "ఇగో, ఈడ పెంచి ఊరి మీదికి ఇడిసింది" అంది. లింగయ్య అవునన్నాడు. ఊరు ఊరంతా అవునంది.

పటేల్ ఒక్కటే మాట చెప్పాడు. "పొద్దుగూకేలోపు ఆముదం పీకు. లేకుంటే జాగా ఖాళీ చెయ్."

బుచ్చవ్వ భయపడింది, భయం ఎందుకుండదు? ఆ వయసులో ఎక్కడికని పోతుంది? అయినా నోరు విప్పింది.

"తూర్పు దిక్కు మూడు పీకుండ్రి పటేలా. పడమటి మూడింటిని మూడు దినాలు ఉంచుండ్రి. నాది తప్పయితే మూట కట్టుకొని నేనే పోత."

కనకవ్వ కొంగు బిగించి తూర్పు మొక్కలు మూడూ పీకి అక్కడే పడేసింది.

మొదటి రోజు పొద్దున చూస్తే తూర్పు వైపు తోటకూరకు చిల్లులు. రెండో రోజు చూస్తే ఆకులకు ఈనెలే మిగిలాయి. మూడో రోజు చూస్తే ఒట్టి కాడలు. పడమటి వైపు బుచ్చవ్వ మూడు రోజులూ వంగి ఆకులు తిప్పింది. అక్కడ కూర కూరలాగే ఉంది.

ఊరంతా గట్టు మీద నిలబడింది. కనకవ్వ తల దించుకుంది. పటేల్ అడిగాడు.

"నీకెట్ల తెలిసింది బుచ్చవ్వా?"

"నేను వంగి పనిచేసేదాన్ని పటేలా. అందరి వాకిళ్ళు అలుక్కుంట అన్ని పెరళ్ళు చూసిన. పురుగు ముందుగాల ఆముదం ఆకు కిందనే గుడ్లు పెడతది. ఆకు మీద ఏమున్నదో నిలబడ్డోళ్ళకు కానొస్తది. ఆకు కింద ఏమున్నదో వంగినోళ్ళకే కానొస్తది."

ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది. వాకిళ్ళు అలికే ముసలమ్మ పటేల్ ముందర అన్న మాట ఇది.

"నీకేం కావాలె?" అన్నాడు పటేల్.

"ఒక్కసారి నువ్వు వంగి చూడు. అదే చాలు."

పటేల్ అంతకు ముందు ఎవరి ముందూ వంగినవాడు కాదు. తలపాగా తీసి లింగయ్య చేతికిచ్చాడు. మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ వంగాడు. ఆకు తిప్పాడు. కింద గోరంత గుడ్ల ముద్ద, దాని మీద గోధుమరంగు నూగు. ఆ ఆకు తనే తుంచి కోడికి వేశాడు.

"ముప్పై ఏండ్ల సంది నా పెరట్ల కూర పండుతున్నది. ఒక్కనాడు చూడకపోతి" అన్నాడు. "ఈ జాగా నీదే బుచ్చవ్వా. గడ్డివాము ఇంకోతాన ఏసుకుంట."

మరుసటి ఏడు ప్రతి ఇంటి కూరమడి చుట్టూ ఆముదం లేచింది. ఎట్లా తిప్పాలో, ఏ ఆకు తుంచాలో బుచ్చవ్వే ఇల్లిల్లూ తిరిగి చూపించింది. ఈసారి చేతిలో చీపురు లేదు, పేడబుట్ట లేదు. ఆమె వస్తుంటే జనం లేచి నిలబడి పీట వేసేవారు.

నిండుగా బతికి పోయింది. పోయిన రోజున ఇంటికో కూరకట్ట తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టారు. మొదటి కట్ట కనకవ్వది.

ఆ మూడు మంచాల జాగా ఆమె తర్వాత ఎవరి పేరునా ఎక్కలేదు. వంతులవారీగా అందరం సాగు చేస్తాం. అక్కడ పండిన కూర, ఎవరూ లేని వాళ్ళింటికే పోతుంది. మా ఊళ్ళో ముందు ఆముదం మొలవనిదే కూర విత్తనం చల్లరు. కొత్త కోడలు వచ్చినా, కొత్త అల్లుడు వచ్చినా, ఎంత గొప్పవాడైనా, మడిలో చెయ్యి పెట్టేముందు వంగి ఒక ఆకు తిప్పాల్సిందే.

చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మమ్మల్ని చూసి, "అగో, వంగేటి ఊరోళ్ళు" అని నవ్వుతారు.

"అవును, బుచ్చవ్వ ఊరోళ్ళం" అంటాం మేం.