గరగరలాడే ఫ్యాన్

"మాస్టారూ, చప్పుడు చేసే ఫ్యాన్‌కి నూనె వేసి సరిపెట్టాలా, పీకేసి కొత్తది బిగించాలా?"

కంప్యూటర్లు బాగుచేసేవాళ్లు ఈ విషయం మీద జుట్లు పట్టుకుంటారు గానీ, ఝాన్సీ అడిగింది వాదానికి కాదు, ఉక్రోషంతో. ఇంట్లో కూర్చుని పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే హైమావతి, కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతోందని తెచ్చింది. ఝాన్సీ దుమ్ము దులిపి, గరగరలాడే పాత ఫ్యాన్ తీసేసి, చప్పుడన్నదే లేని కొత్తది పెట్టింది. నాలుగో రోజున ఆవిడ తిరిగొచ్చి పాతదే పెట్టమంది. ఎందుకని అడిగితే కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

దాలినాయుడు మాస్టారు ముప్పై ఏళ్లుగా ఈ పని నేర్పుతున్నారు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. "పద, చూసొద్దాం" అన్నారు. పాత ఫ్యాన్ అప్పటికే పాత సామాన్లవాడి బండెక్కి పోయింది. షాపులో మూలపడున్న, అలాగే చప్పుడు చేసే మరో ఫ్యాన్‌ను ఝాన్సీ సంచిలో వేసుకుంది.

హైమావతి ఇంట్లో కంప్యూటర్ ముందు గదిలో ఉంది. లోపలి గదిలో మంచం మీద హైమావతి భర్త సోమేశ్వరం, నుదుటికి కట్టుతో పడుకుని ఉన్నాడు. ఆయనకు చూపు పోయి, కాళ్లు పడిపోయి రెండేళ్లయింది. ఫ్యాన్ గరగర వినిపించినంతసేపూ భార్య పక్క గదిలోనే ఉందని ఆయన ధైర్యం. అది వినపడకపోయేసరికి తనను వదిలేసి వెళ్లిపోయిందనుకున్నాడు.

"ఇక్కడే ఉన్నానండీ అని ఎన్నిసార్లు కేకేసినా రెండు నిమిషాలకే మళ్లీ భయం. మొన్న నన్ను వెతుక్కుంటూ లేవబోయి పడిపోయారు. ఆ చప్పుడు కోసమని నాకూ అప్పుడే తెలిసిందమ్మా" అంది హైమావతి.

ఝాన్సీ తెచ్చిన ఫ్యాన్ బిగించి స్విచ్ వేసింది. గరగర బాగానే వచ్చింది. సోమేశ్వరం తల అటు తిప్పి చాలాసేపు విన్నాడు.

"హైమా, ఇది నీ చప్పుడు కాదు. ఇంట్లో ఎవరో ఉన్నారే" అన్నాడు. "నువ్వెక్కడున్నావ్?"

ఆవిడ పరుగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకుంది. ఆయన ఇక ఆ చెయ్యి వదల్లేదు. ఆ పూట ఆల్బమ్ పని సాగలేదు.

మెట్లు దిగుతుంటే ఝాన్సీకి ఏడుపు ఆగలేదు.

"నూనె వెయ్యాలా, మార్చాలా అని అడిగావు" అన్నారు మాస్టారు. "అది నన్నడగాల్సిన మాట కాదమ్మా."