దొంగకు పోసిన తీర్థం

పూర్వం ఒక రాజుగారి గుళ్లో శేషాచార్యులనే అర్చకుడు, సకల పాపాలూ పోవుగాక అంటూ తీర్థమిచ్చేవాడు. ఒకనాడు గంగులు చెయ్యి పట్టగానే గిన్నె వెనక్కి లాక్కున్నాడు.

"దారులు కొట్టిన దొంగవి! నీ పాపం దీనితో పోయేది కాదు, పో!"

గంగులు దొంగతనం మాని కట్టెలు కొట్టుకు బతుకుతున్నాడని, వెనక నిలబడ్డ పూలమ్మే ఓబులమ్మకు తెలుసు. ఆమెకు ఒళ్ళు మండింది. చాచిన చెయ్యి ముడుచుకుంది.

"అయితే నాకూ వద్దు సామీ. నిన్నటి పూలు కలిపి అమ్ముతుంటాను. నా పాపం దీనితో పోయేదో కాదో ముందు తేల్చండి."

వరసలో అందరూ గతుక్కుమని చేతులు వెనక్కి తీసుకున్నారు. ఆచార్యులు చేసేది లేక, "ఒరే గంగులూ, ఇలా రా" అని తీర్థం పోశాడు.

"వాడిదే పోయిందంటే ఇక ఎవరిదైనా పోతుంది" అంది ఓబులమ్మ.

గంగులు చెయ్యి తలకు తుడుచుకోకముందే, చివరెక్కడో ఉన్న రాజుగారి కోశాధికారి అందర్నీ తోసుకుంటూ వచ్చి దోసిలి పట్టాడు.