లేవడం రాని హైమావతి

"గురువమ్మా, లేవడం చేతకాక మీ దగ్గరికొస్తే కూర్చోవడం నేర్పిస్తున్నారేమిటి?" అని హైమావతి ఒక ఉదయం అడిగేసింది. అడగకూడదని ఎన్నాళ్ళుగానో నోరు నొక్కుకుని ఉంది గానీ, ఆ రోజు ఇక ఆగలేకపోయింది.

గురువమ్మ సన్యాసమ్మగారు ఏ ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదు. అడిగినవాళ్ళ మొహంకేసి కాకుండా పాదాలకేసి చూస్తుంది, మడమలు నేలకి ఆనాయా లేదా అని. ఆ తర్వాత ఏదో ఒక పని చెబుతుంది. చేసుకుంటూ పోతే అందులో ఎక్కడో జవాబు తగులుతుంది. తగలకపోతే మరో పని చెబుతుంది. ఇది నచ్చనివాళ్ళు మర్నాటి నుంచి రావడం మానేస్తారు. వాళ్ళెందుకు మానేశారని కూడా ఆవిడ అడగదు.

ఆవిడది నాగావళి ఒడ్డున చిన్న ఊళ్ళో కసరత్తులు నేర్పే తాలింఖానా. తండ్రి కట్టించిన పెంకుల సాల, లోపల ఇసక నేల. సాయంత్రాలు మగపిల్లలు వస్తారు, పొద్దున్నపూట ఆడవాళ్ళు. ఓ మూలన సంగిడి రాళ్ళుంటాయి. అంటే చెయ్యి దూర్చి పట్టుకోవడానికి వీలుగా చెక్కిన బరువైన రాళ్ళు. వాటిని తలమీదికెత్తి, ఓ క్షణం నిలిపి, ఇసకలోకి వదిలెయ్యాలి. దబ్బున చప్పుడు ఎంత గట్టిగా వస్తే అంత ఘనత. పక్క వీధికి వినబడితే ఈలలు, చప్పట్లు. ఆ చప్పుడు వినబడినప్పుడల్లా సన్యాసమ్మగారు మాత్రం పంటి నొప్పి వచ్చినదానిలా మొహం పెట్టేది.

హైమావతికి ఏభై దగ్గరపడుతోంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మిషను ముందు కూర్చుని ఊళ్ళో వాళ్ళందరికీ జాకెట్లు కుడుతూనే ఉంది. నెలసరి ఆగిపోయాక కాళ్ళల్లో సత్తువ ఎవరో తోడేసినట్టయింది. ఒక పేరంటంలో చాప మీద కూర్చుంది. తాంబూలాలు పుచ్చుకుని అందరూ లేచారు, ఈవిడ లేవలేకపోయింది. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లాగారు. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. ఇంటికొచ్చి తలుపేసుకుని మాత్రం బావురుమంది. కూతురు లిఖితకి అప్పటికి మూడో నెల.

నవ్వినందుకు కాదు ఆ ఏడుపు. ఆ ఇంట్లో పురిటిబిడ్డకి అమ్మమ్మే నీళ్ళు పొయ్యాలి. పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, పిక్కల మీద బిడ్డని పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి, వేన్నీళ్ళు పొయ్యాలి. తన తల్లి అలాగే పోసింది, ఆవిడ తల్లీ అలాగే పోసింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ పైన, నూనె జిడ్డుతో జారిపోయే బిడ్డని రెండు చేతులా పట్టుకుని పీట మీంచి లేవాలి. గోడకి ఆనించుకోవడానికి మూడో చెయ్యి దేవుడు ఎవరికీ ఇవ్వలేదు. భర్త లారీ మీద పోతే ఎప్పుడు దిగుతాడో తెలీదు. కూతురికి చూస్తే నెలలు నిండాక ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు, వంగకూడదన్నారు. "అమ్మా, నువ్వు కష్టపడకు. టబ్బు కొనేశాను. బల్లమీద పెట్టి నేనే పోసేసుకుంటాలే," అంది లిఖిత ఎంతో నెమ్మదిగా. ఆ నెమ్మదితనమే హైమావతి గుండెల్లో గుచ్చుకుంది. కన్నకూతురు తన చేతుల్లో బిడ్డని పెట్టడానికి భయపడుతోంది.

ఆ పేరంటం తర్వాత తాలింఖానాలో చేరిన కొత్తలో రాళ్ళకేసి ఆశగా చూసింది. గురువమ్మ రాయి ఇవ్వలేదు. ఇటుకలు పేర్చి, వాటి మీద చెక్క వేసి, "కూకో," అంది. కూర్చుంది. "అలా కూలబడితే కూకున్నట్టు కాదు. నిదానంగా. ఇంకా నిదానంగా," అంది. తొడలు గడగడ వణికేవి, చెమటలు పట్టేవి, చెక్క ఎంతకీ తగిలేది కాదు. తగిలాక మాత్రం గురువమ్మే చెయ్యందించి లేపేది. అప్పుడప్పుడూ చడీచప్పుడు లేకుండా ఒక ఇటుక తీసేసేది. ఈ మధ్య ఇటుకలన్నీ పోయి, ఇసకలో వట్టి చెక్క మిగిలింది. ఇన్ని నెలలూ ఇదే పని! లేవడానికి చెయ్యిచ్చి కూర్చోవడానికి ఇవ్వని ఈ చదువేమిటో హైమావతికి బొత్తిగా అంతు చిక్కలేదు. కోపం కంటే ఆరాటమే ఎక్కువగా ఉంది, దీని మర్మం ఏమై ఉంటుందా అని. ఇప్పుడు బిడ్డకి బొడ్డు ఊడింది. మర్నాడే నీళ్ళు పొయ్యడం. అందుకే నోరు జారింది.

సన్యాసమ్మగారు ఆమె పాదాలకేసి చూసి, "నూతి దగ్గర ఇత్తడి బిందుంది. అంచుదాకా నింపి తే," అంది. తెచ్చాక, "కుసుమా, ఇలా రా," అని పిలిచింది.

కుసుమ కానిస్టేబులు. ఆడవాళ్ళలో అందరికంటే పెద్ద రాయి ఎత్తేది ఆ పిల్లే. "బిందె రెండు చేతులా పట్టుకుని ఈ చెక్క మీద కూకో. మళ్ళీ లే. నీళ్ళు ఒలకకూడదు," అంది గురువమ్మ.

"ఓస్, ఇంతేనా!" అని కుసుమ బిందెని పూచికపుల్లలా ఎత్తేసింది. సగం దాకా బాగానే దిగింది. ఆఖరి జానెడు దగ్గర మోకాళ్ళు ఒక్కసారి వదిలేశాయి. ధబ్బుమని కూలబడింది. బిందెలో నీళ్ళు ఎగిరి ఆమె మొహమ్మీదా, పక్కనున్నవాళ్ళ మీదా పడ్డాయి.

"ఓలమ్మో!" అని అందరూ ఒకటే నవ్వు. కుసుమ కూడా జుట్టు పిండుకుంటూ పగలబడి నవ్వింది. "నాకు పడెయ్యడమే అలవాటు గురువమ్మా, దించడం ఎప్పుడు నేర్చుకున్నాను గనకా!"

"నీళ్ళు గనక సరిపోయింది," అంది సన్యాసమ్మగారు. ఆ మాటకి, ఆ బిందె చోట బిడ్డ ఉన్నట్టు హైమావతికి కనబడింది.

బిందె మళ్ళీ నిండింది. ఈసారి హైమావతి వంతు. చేతులకి బరువు తెలుస్తూనే ఉంది గానీ కాళ్ళు మాత్రం కంగారు పడలేదు. మడమలు నేలకి అదిమిపెట్టి దిగింది. దిగుతూనే ఉంది. ఎప్పుడు చెక్క తగిలిందో ఆమెకే సరిగ్గా తెలియలేదు. నీళ్ళు అంచు దగ్గర కాస్త ఊగి ఊరుకున్నాయి. ఇంక లేవాలి. అలవాటు ప్రకారం పక్కకి చూసింది. గురువమ్మ అక్కడ లేదు. అటు తిరిగి చీపురుతో ఇసక సర్దుకుంటోంది.

"గురువమ్మా, చెయ్యివ్వండి!"

"తప్పకుండా ఇస్తాను. నువ్వు ఏ చెయ్యి ఇస్తావు?"

రెండు చేతులూ బిందెకే ఉన్నాయి. హైమావతికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. దించేద్దామా అనుకుంది. రేపు చేతుల్లో ఉండేదాన్ని తడినేల మీద దించేస్తుందా? పాదాలు దగ్గరికి లాక్కుంది, రొమ్ము ముందుకి వంచింది, నడుము నిటారుగా ఉంచి మడమలతో నేలని తన్నింది. చెక్క వదిలింది. జానెడు పైకి రాగానే తొడలు వణికాయి. ఆ వణుకు కొత్తది కాదు, ఆ ఎత్తులో ఎన్నోసార్లు ఆగి ఆగి దిగింది. ఆ పైన మరో చోట వణికాయి. అదీ తెలిసిన చోటే. చూస్తూండగానే నిలబడిపోయింది. ఒలికిన నీళ్ళు జాకెట్టుని తడిపాయి గానీ బిందె మాత్రం గుండెకి ఆనే ఉంది.

"పిన్నీ, లేచిపోయావు!" అని కుసుమ కేకపెట్టింది. హైమావతి తన కాళ్ళకేసి ఎవరివో కాళ్ళని చూసినట్టు చూసుకుంది.

మర్నాడు పొద్దున్న పెరట్లో పీట వేసింది. లిఖిత టబ్బు దగ్గర పెట్టుకుని, బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, ఇవ్వనా మాననా అని కాసేపు తటపటాయించింది. చివరికి ఇచ్చింది. హైమావతి కాళ్ళు చాపి కూర్చుని నూనె రాసింది, నలుగు పెట్టింది, గోరువెచ్చని నీళ్ళు పోసింది. బిడ్డ ముందు కేరుమని, తర్వాత నీళ్ళ వెచ్చదనానికి సోలిపోయి కళ్ళు మూసింది. ఇంక లేవాల్సిన వేళ. లిఖిత వంగకూడదన్న సంగతి కూడా మరిచిపోయి రెండు చేతులూ చాపేసింది. "నువ్వు వంగకు," అంది హైమావతి. చాపిన కాళ్ళు ముడుచుకుని పాదాలు కిందికి తెచ్చుకుంది, బిడ్డని గుండెకి హత్తుకుంది, లేచింది. నిద్రపోతున్న బిడ్డ నిద్రపోతూనే ఉంది. లిఖిత తువ్వాలు కప్పబోయి, తల్లి భుజమ్మీద తల పెట్టి ఏడ్చేసింది. "భయమేసిందమ్మా," అంది. "నాకు వెయ్యలేదేమిటే మరి!" అంది హైమావతి, తనూ కళ్ళు తుడుచుకుంటూ.

ఎండ ఎక్కకముందే తాలింఖానాకి పరుగున వచ్చింది. కుసుమ ఓ మూలన పెద్ద రాయి పక్కనపెట్టి, చిన్న రాయిని చప్పుడవకుండా దించడానికి నానా పాట్లూ పడుతోంది. హైమావతి గురువమ్మ ఎదుట నిలబడి జరిగిందంతా గడగడా చెప్పేసింది. చెప్పడం అయ్యాక కూడా ఆరాటం తీరలేదు.

"ఇంతకీ గురువమ్మా, నేనడిగినదానికి మీరు చెప్పనే లేదు. నాకు లేవడం ఎప్పుడు నేర్పారు?"

సన్యాసమ్మగారు మొట్టమొదటిసారి పాదాలకేసి కాకుండా ఆమె మొహంకేసి చూసింది.

"దిగిన దారి కాకుండా, ఎక్కడానికి ఏరే దారుంటాదనుకున్నావేటమ్మా?" అంది.