కొండ చుట్టిన తలగుడ్డ

చెన్నప్ప మూట కట్టేశాడు. ఓబులయ్య తాత దగ్గర ఏడేళ్లున్నాడు. నీళ్లు మోశాడు, పొయ్యి రాజేశాడు, తాత చెప్పినట్టే కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఏం లాభం?

"నాకేమీ అర్థం కావడంలే తాతా. అందరూ నీ కాడ ఏదో ఉందంటారు. నాకు మాత్రం ఏమీ కనపడలే. ఊరికి పోతా" అన్నాడు. అన్నాడేగానీ కాలు కదపలేదు. తాతంటే ప్రాణం మరి.

"పో నాయనా" అన్నాడు తాత తాపీగా. "పోయేముందు ఒక్క పని చేసిపెట్టు. నున్నగుండు కొండ తలగుడ్డ చుట్టిందేమో చూసిరా."

ఆ చుట్టుపక్కల రైతులు నున్నగుండును చూసే విత్తనం వేస్తారు. శిఖరాన్ని మబ్బు చుట్టుకుని పూటంతా కదలకుండా ఉంటే కొండ తలగుడ్డ చుట్టిందంటారు. ఇక వాన తప్పదని నమ్మకం. తాత గుడిసె కొండ అడుగునే, బండల చాటున ఉంది. అక్కణ్ణుంచి శిఖరం కనపడదు.

కాస్త దూరం పోయి చూస్తే సరిపోయేది. మన చెన్నప్ప అలా చేస్తే ఇంకేం! దగ్గరికి పోతే బాగా తెలుస్తుందని ఏకంగా కొండెక్కాడు. పైన అంతా తెల్లగా పొగ. కాలి కింద బండ కూడా కానరాలేదు. తలెత్తి చూశాడు, పక్కకు చూశాడు. మబ్బన్నదే లేదు. దారి తప్పి, చెప్పు తెగి, మధ్యాహ్నానికి ఎలాగో దిగొచ్చాడు.

"మబ్బూ లేదు, గిబ్బూ లేదు తాతా. ఉత్త పొగ" అన్నాడు విసుగ్గా.

అంతలో కింది ఊరి సుంకన్న వేరుశెనగ విత్తనాల గంప నెత్తిన పెట్టుకుని పరుగున వచ్చాడు. ఏటా తాత చెయ్యి తగిలాకే అతను విత్తేది.

"తాతా, కొండ తలగుడ్డ చుట్టింది! పొద్దున్నుంచి తీయనేలేదు!"

చెన్నప్పకు తిక్క రేగింది. "ఏం మాటలన్నా అవి! నేను ఇప్పుడే శిఖరం మీద నుంచి వస్తున్నా. ఒట్టు, మబ్బు లేదు."

"నా కండ్లతో చూసినా గదప్పా!"

చెన్నప్ప ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తన కళ్లను నమ్మాలో, సుంకన్న కళ్లను నమ్మాలో పాలుపోలేదు.

తాత లేచి, చెన్నప్ప భుజం మీది తువ్వాలు తీసుకున్నాడు. గంప మీద పట్టి మెలిపెట్టి పిండాడు. నీళ్లు బొటబొటా విత్తనాల మీద పడ్డాయి.

"చూసింది సుంకన్న. తడిసింది నువ్వు" అన్నాడు.

చెన్నప్ప తడి తువ్వాలు అందుకున్నాడు. పోయి మూట విప్పాడు.