నూకాలు ఇవ్వని పెళ్ళికుండలు

అనగనగా సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక కుమ్మరిల్లు ఉండేదమ్మా. ఆ ఇంటి పిల్ల పేరు నూకాలు. దగ్గరికి జరుగు, దుప్పటి కప్పుకో, చెబుతాను.

నూకాలు వాళ్ళ నాన్న జబ్బుచేసి పోయాడు. ఆ పిల్లకి అన్నదమ్ములు లేరు. అప్పుడు కుండలు చేసే చక్రం, అదే సారె, కుండలు కాల్చే ఆవం, బండీ ఎడ్లూ అన్నీ తన చేతికొచ్చాయి. సారె తిప్పడానికి చిన్నాన్న గవర్రాజు ఉన్నాడు. మట్టి తెప్పించడం, ఆవం పేర్చడం, సంతకి సరుకు తోలించడం నూకాలు చూసుకునేది.

కొన్నాళ్ళకి మట్టి చెడింది. ఊరి చుట్టూ రొయ్యల చెరువులు తవ్వారు కదా, ఆ ఉప్పునీళ్ళు భూమిలో ఇంకి ఇంకి, మట్టి తీసే గుంట దాకా వచ్చేశాయి. ఆ మట్టితో చేసిన కుండలు ఎండినప్పుడు బాగానే ఉండేవి. ఆవం విప్పితే మాత్రం పెచ్చులు పెచ్చులుగా రాలిపోయేవి. నూకాలు ఆ పెంకుల మధ్య కూర్చుని, ఒక్కటన్నా దక్కిందా అని వెతుక్కునేది.

అప్పుడు బండి కట్టుకుని, నూకాలూ చిన్నాన్నా దూరాన కొండ కింద మట్టికి వెళ్ళారు. మట్టి మంచిదే. కానీ తవ్వుతుంటే గట్టు విరిగి గవర్రాజు మీద పడింది. నూకాలు గోళ్ళతో గీకి, అరిచి, మనుషుల్ని పిలిచి బయటికి లాగింది. ప్రాణం దక్కింది, కుడిచెయ్యి దక్కలేదు.

ఆ తర్వాత మంచంలో పడుకుని ఆయనే అన్నాడు. "ఆడపిల్ల సారె ముట్టుకోకూడదంటారు. ఎవరేమన్నా అననీ. నువ్వు కూర్చో అమ్మా."

నూకాలు కూర్చుంది. మొదట్లో కుండ వంకరపోయేది, మెడ కూలిపోయేది. మళ్ళీ ముద్ద చేసి మళ్ళీ తిప్పేది. అలా తిప్పి తిప్పి నేర్చుకుంది.

అప్పుడు మాణిక్యమ్మ అని ఒకావిడ కూతురి పెళ్ళికి ఐరేణి కుండలు కావాలని చెప్పి వెళ్ళింది. అంటే, పెళ్ళివాళ్ళు మేళాలతో వచ్చి కుమ్మరింటి నుంచి తీసుకెళ్ళే బొట్ల కుండలన్నమాట. నూకాలు ఆనాడు బండిలో తెచ్చుకున్న కొండమట్టి అంతా వాటికే వాడింది. ఆవం అంటించింది. మంట బాగా అందుకున్న వేళ, కాలంగాని కాలంలో వాన కొట్టింది. చాపలు కప్పింది, రేకులు కప్పింది, తానే అడ్డం నిలబడింది. వాన ఆగలేదు నా తల్లీ.

ఆవం విప్పేసరికి వీధి చివర డప్పులు వినిపిస్తున్నాయి. కుండలు చూడ్డానికి నిండుగానే ఉన్నాయి. వేలితో కొడితే ఒక్కటీ ఖంగుమనలేదు. అన్నిటికీ సన్నగా, వెంట్రుకలాగా పగుళ్ళు.

"సున్నం పూసి బొట్లు పెట్టి ఇచ్చేద్దాం," అన్నాడు గవర్రాజు. "ఎవరికి కనపడుతుంది? ఈ ఒక్కసారికీ పరువు దక్కుతుంది."

"నీళ్ళు పోశాక పెళ్ళిపీటల దగ్గర కారితే చిన్నాన్నా? ఆ పెళ్ళికూతురు బతుకంతా ఆ అపశకునమే తలుచుకుని భయపడదూ?"

అని వాకిట్లోకి వచ్చింది. పసుపు, కుంకుమ, కొత్తచీర పళ్ళెంలో పెట్టుకుని మాణిక్యమ్మ నవ్వుతూ నిలబడి ఉంది.

"అమ్మా, మా ఇంట్లో మంచి కుండ లేదు," అంది నూకాలు.

డప్పులు ఆగిపోయాయి.

"పెళ్ళిపూట ఇదేం మాటే? మీ నాన్న ఉంటే ఇలా జరిగేదా!" అంది మాణిక్యమ్మ. పళ్ళెం దించనైనా దించకుండా వెనక్కి తిరిగింది. పట్నం నుంచి ఇత్తడి బిందెలు తెప్పించి పెళ్ళి కానిచ్చారు. ఆ తర్వాత ఊళ్ళో ఏ పెళ్ళివాళ్ళూ ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఎడ్లని అమ్మేశారు. గవర్రాజు కూతురి ఊరు వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు నూకాలు తల నిమరబోయాడు, అలవాటుగా లేవాల్సిన చెయ్యి లేవలేదు. నూకాలు ఇటుకల బట్టీలో కూలికి చేరింది.

అక్కడ పొద్దస్తమానం అచ్చుల్లో మట్టి కొట్టాలి. మట్టిముద్ద తీసుకోగానే ఆ పిల్ల వేళ్ళు వాటంతట అవే గుండ్రంగా తిరగబోయేవి. అప్పుడు పళ్ళు బిగబట్టి, ఆ ముద్దని నాలుగు పలకల అచ్చులోకి నొక్కేసేది.

"మళ్ళీ కుండలు చేసిందా అమ్మమ్మా?" అంటావా?

లేదమ్మా. చెయ్యలేదు.

కథేమో కంచి దారి పట్టిందమ్మా,
కన్నేమో నిద్దరను పిలిచిందమ్మా.